ప్రమాణం చేయని పూట

పోయిన నెలలో మా వీధి చివరింటి అమ్మాయికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో ఒక సూట్‌కేసూ ఒక ప్రెషర్ కుక్కరూ పట్టుకుని మా బేస్‌మెంట్‌లో కొన్నాళ్ళు ఉన్న పిల్ల. "ఆంటీ, నా తరఫున కూర్చోడానికి ఎవరూ లేరు, మీరు రావాల్సిందే" అంటే వెళ్ళాను. ప్రమాణ కార్యక్రమం ఊళ్ళోని హైస్కూల్ జిమ్‌లో పెట్టారు. బాస్కెట్‌బాల్ కోర్టు మీద నీలం తివాచీ పరిచి, మడత కుర్చీలు వరసగా వేశారు. ఒక మూల స్కూలు పిల్లల బ్యాండు వాయిద్యాలు సరిచూసుకుంటోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళం పక్కనున్న మెట్ల బెంచీల మీద కూర్చున్నాం. ఇంకా ఏదీ మొదలవలేదు. మూడో వరసలో గోధుమరంగు కోటు వేసుకున్న ఒకాయన దగ్గరికి ఒక ఆఫీసరమ్మ వచ్చి, వంగి, నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆయన లేచాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు. ఆమె వెనకాలే నడిచి వెళ్ళి గోడ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. జరిగింది ఇంతే. చుట్టుపక్కల ఎవరూ పట్టించుకున్నట్టు కూడా లేదు. నాకు మాత్రం అరికాళ్ళలోంచి చలి పుట్టి మోకాళ్ళదాకా పాకింది. బ్యాండు వాయించారు, మా వీధి అమ్మాయి చెయ్యెత్తి ప్రమాణం చేసింది, నేనూ అందరితోపాటు చప్పట్లు కొట్టాను. కళ్ళు మాత్రం గోడ వైపే ఉన్నాయి. ఫొటోల కోసం జనం ఎగబడి, మళ్ళీ పలచబడేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన ఏమయ్యాడో తెలియలేదు.

ఇంటికి రాగానే డాలస్ పక్కన కాపెల్‌లో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. అంతా విని ఒక్కటే అడిగింది. "ఆయన పక్కన ఎవురన్నా కూసున్నారా?" లేదన్నాను. "ఊఁ" అంది. కాసేపటికి అవతల కుట్టుమిషను తిరగడం మొదలైంది. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఆ ప్రశ్న అడిగే హక్కు ఆవిడకి ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పట్లో మా రెండు కుటుంబాలూ ఇక్కడే ఈ నోవై ఊళ్ళో, ఒకరింట్లో పోపు పెడితే రెండో ఇంట్లో తుమ్మేంత దగ్గరగా ఉండేవాళ్ళం. బావగారూ మావారూ కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. నేను బ్రేకులకు సంబంధించిన సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే ఉద్యోగం చేసేదాన్ని. అక్క ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఒంగోలు దగ్గర పల్లెటూరు ఆవిడది. చేతి కొలత అంటే అలాంటి ఇలాంటి కొలత కాదు. బయట మంచు ఎంత పడనీ, పండగ వస్తోందంటే చుట్టుపక్కల తెలుగువాళ్ళ కార్లన్నీ వాళ్ళ ఇంటి ముందే ఆగి ఉండేవి. వచ్చినవాళ్ళు బూట్లు విప్పి, కాఫీ తాగి, జాకెట్టు తొడిగి చూసుకుని, ఊళ్ళో కబుర్లన్నీ అక్కడ వదిలేసి వెళ్ళేవారు. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని "ఊఁ, ఊఁ" అంటూ వినేది. ఆ సూదులవల్ల ఎవరి రహస్యమూ ఆవిడ నోరు దాటలేదని మేం వేళాకోళం చేసేవాళ్ళం.

ఆవిడ భయపడడాన్ని కూడా ఇంటిపనుల్లో ఒకటిగా, శ్రద్ధగా చేసేది. ఎక్కడో ఫైరింజను కూత వినిపిస్తే ముందు మా ఇంటి స్టవ్ ఆపేశానా లేదా అని నాకు ఫోన్ చేసేది. పోస్టులో గవర్నమెంటు ముద్ర ఉన్న కవరు వస్తే దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, బావగారు ఆఫీసునుంచి వచ్చేదాకా ఆ ఛాయలకే వెళ్ళేది కాదు. కారులో వెళ్తుంటే వెనక పోలీసు కారు కనిపించిందనుకోండి, మాట్లాడుతున్నది మాట్లాడుతున్నట్టే ఆపేసి, పవిట సర్దుకుని, స్కూల్లో ఫొటో తీయించుకుంటున్న పిల్లలా నిటారుగా కూర్చునేది. వాళ్ళు పక్క వీధిలోకి తిరిగాక, ఆపిన చోటునుంచే మళ్ళీ మొదలు. నేను కడుపుబ్బా నవ్వేదాన్ని. "నవ్వు అమ్మాయ్, నవ్వు. నీకేం, ఇంగ్లీషొచ్చు" అనేది. ఇంగ్లీషు వస్తే భయపడనక్కర్లేదని ఆవిడా నమ్మింది, నేనూ నమ్మాను.

గ్రీన్‌కార్డులు వచ్చి, ఏళ్ళు పూర్తయ్యాక నలుగురం కలిసే సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాం. అక్క చదివిన చదువు చూడాలి! వంకాయలు తరుగుతూ సెనేటర్ల గురించి, పాలు పొంగకుండా చూసుకుంటూ అంతర్యుద్ధం గురించి వల్లె వేసేది. నన్ను ఉప్పు డబ్బా అందించమని, అదే ఊపిరితో సుప్రీంకోర్టు జడ్జీలు ఎంతమందో చెప్పమనేది. ప్రమాణం మొత్తం కూడా బట్టీ పట్టింది, అది ఎవరూ పట్టమనకపోయినా. అందులో అవసరమైతే దేశం కోసం ఆయుధం పట్టాలన్న మాట ఒకటుంది. అది తెలిసిన రోజున ఆవిడకి అన్నం సహించలేదు. "నిజంగా తుపాకీ ఇస్తారంటయ్యా?" అని బావగారిని అడిగింది. "నీకు తుపాకీ ఇస్తే భయపడాల్సింది వాళ్ళు" అన్నాడాయన. ఇంటర్వ్యూలో మాత్రం ఒక్క తప్పూ లేకుండా చెప్పి బయటికొచ్చి, కారెక్కాక వెక్కి వెక్కి ఏడ్చింది. నాది కూడా అదే రోజు. నేను నవ్వుతూ వెళ్ళి నవ్వుతూ వచ్చాను. నాకు అంత ధైర్యం ఉందని కాదు, భయపడాల్సిన పని అప్పటికి పడలేదు.

మగవాళ్ళిద్దరికీ ముందే ప్రమాణం అయిపోయింది. మా ఇద్దరికీ ఒకే రోజున రమ్మన్నారు. జనవరి. రాత్రంతా మంచు పడి, పొద్దున్నే ఉప్పు లారీలు తిరుగుతున్నాయి. అక్క మా ఇద్దరికీ ఒకే తానులోంచి జాకెట్లు కుట్టింది, ముదురు ఆకుపచ్చవి. పట్టుచీరల మీద స్వెట్టర్లు, స్వెట్టర్ల మీద లావుపాటి కోట్లు, కాళ్ళకి మంచు బూట్లు. పెళ్ళికి పోతున్నామో ధాన్యం మూటలు ఎత్తడానికి పోతున్నామో తెలియని అవతారం. డౌన్‌టౌన్‌లో పెద్ద హాలు అది. లోపలికి వెళ్ళగానే మమ్మల్ని, చూడ్డానికి వచ్చినవాళ్ళని విడదీశారు. మావారూ, బావగారూ, ఇంకా బడికెళ్ళే మా అమ్మాయీ పైన బాల్కనీలోకి వెళ్ళారు. మేం కింద బారులో నిలబడ్డాం. బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరు గ్రీన్‌కార్డు తీసుకుని, పేరు చూసుకుని, పక్కనున్న డబ్బాలో పడేశాడు. టక్కుమని చిన్న చప్పుడు. అక్క తన కార్డు ఆ డబ్బాలో పడేదాకా చూసి, నా చెవిలో "ఇప్పుడు మనం ఎవురిమి?" అంది. "ఇంకో గంటలో అమెరికన్లం, పద" అన్నాను.

ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు కాబట్టి పక్కపక్కనే కూర్చోబెట్టారు. మాకు అటుపక్క ఒక పోలిష్ ముసలావిడ, తెల్లటి చేతి గ్లవుజులతో. ఆవిడ మా చీరలు చూసి చేత్తో బాగున్నాయని సైగ చేసింది. అందరి చేతుల్లో చిన్న జెండాలు. నేను బాల్కనీ వైపు చూసి మా అమ్మాయికి చెయ్యి ఊపుతున్నాను. అప్పుడు మా వరస చివర ఒక ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఉన్న కాగితం చూసుకుని మా ఇంటిపేరు పిలిచాడు. ఒక్క ఇంటిపేరే. ఇద్దరం ఒకేసారి లేచి నిలబడ్డాం. అక్క చెయ్యి వచ్చి నా మోచేతిని పట్టుకుంది. ఆయన మా ఇద్దరినీ చూసి, మళ్ళీ కాగితం చూసి, నా పేరు పలకలేక పలికాడు. ఆ క్షణంలో అక్క ముఖంలోకి ఒక రిలీఫ్ వచ్చింది. తను కాదన్న రిలీఫ్. నేను చూశాను. నేను చూశానని ఆవిడా చూసింది. దానికి ఆవిడని తప్పుపట్టే ఆలోచన నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పిడుగు పక్కింటి మీద పడితే ఎవరైనా ముందు ఊపిరి పీల్చుకుంటారు.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. నా కేసు ఇంకొంచెం పరిశీలించాల్సి ఉందనీ, ఈరోజు ప్రమాణం చేయడానికి వీల్లేదనీ, కార్యక్రమం అయ్యాక కార్డు తిరిగి ఇస్తామనీ, అప్పటిదాకా అక్కడ కూర్చోమనీ గోడ పక్కనున్న రెండు కుర్చీలు చూపించాడు. "ఎందుకు?" అని అడిగాను. ఆ సమాచారం తన దగ్గర లేదన్నాడు. "ఎన్నాళ్ళు?" అన్నాను. అదీ లేదన్నాడు. ఇంకేదో అడగాలని నోరు తెరిచాను. ఇంగ్లీషు రాలేదు. ఇన్నేళ్ళు మీటింగుల్లో గడగడా మాట్లాడిన భాష, ఒక్క మాట కూడా నాలుక మీదికి రాలేదు. కాళ్ళు మాత్రం ఆయన వెనకాలే నడిచాయి. వందలమంది మధ్యలోంచి, చేతిలో జెండాతో, పట్టుచీర కుచ్చెళ్ళు మంచు బూట్లకి తగులుతుంటే నడిచాను. కొందరు తల తిప్పి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. వాళ్ళ భయం నాకు తెలిసింది. నాతో చూపు కలిస్తే తమకీ అంటుకుంటుందేమోనని.

ఆ కుర్చీలో కూర్చున్నాక మనసు నాలో తప్పు వెతకడం మొదలుపెట్టింది. అది ఎంత చురుగ్గా వెతుకుతుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మొదటి కంపెనీ తీసేశాక రెండో ఉద్యోగం దొరికేలోపు వచ్చిన ఖాళీ. ఎప్పుడో స్కూలు బస్సు వెనక ఆలస్యంగా ఆగినందుకు పడిన జరిమానా టికెట్టు. అడ్రసు మారినప్పుడు చెప్పానా లేదా? ఎవరికో సంతకం పెట్టానా? పాత రూమ్మేటు ఏదైనా చేసిందా? ఏ తప్పూ దొరక్కపోతే ఇంకా భయం వేసింది, నాకు తెలియనిది వాళ్ళకేదో తెలుసని. బాల్కనీలో మావారు లేచి నిలబడ్డారు. గార్డు కూర్చోమని చెయ్యి చూపించాడు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. ఆయన పక్కన మా అమ్మాయి తల ఒక్కటే కనిపిస్తోంది. అది ఇక్కడే పుట్టింది, మావారు అప్పటికే ఇక్కడి పౌరుడు. మా ఇంట్లో ఇప్పుడు కార్డు కూడా లేకుండా ఉన్నది నేనొక్కదాన్నే. పక్కనే ఒక తలుపుంది. అది ఎక్కడికి వెళ్తుందో తెలియదు. అది తెరుచుకున్నప్పుడల్లా నా కోసమే అనిపించేది.

అప్పుడు మా వరసలో కదలిక కనిపించింది. పోలిష్ ముసలావిడ మోకాళ్ళు పక్కకి తిప్పుకుంటోంది. వాళ్ళని దాటుకుంటూ, కోటు చంకలో పెట్టుకుని, అక్క వస్తోంది. ఎస్కలేటర్ ఎక్కడానికి భయపడి లిఫ్టు వెతుక్కునే మనిషి, యూనిఫాం కనిపిస్తే మాట ఆగిపోయే మనిషి, అంత హాలు మధ్యలోంచి ఒక్కతే నడుచుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆ ఆఫీసరు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అమ్మా, మీరు మీ సీట్లో ఉండాలి."

"షీ మై సిస్టర్" అంది అక్క. "ఐ సిట్."

సీట్లో లేకపోతే ఈరోజు ప్రమాణం కుదరదని ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. ఆవిడకి పూర్తిగా అర్థమైంది. అర్థమైనట్టు తల ఊపింది. "ఓకే" అంది. "అనదర్ డే."

ఆయన తన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. నాకు నోరు అప్పుడు పెగిలింది. "అక్కా, నీకేమైనా పిచ్చా? వెళ్ళు. ఇంకా మొదలవలేదు, వెళ్ళి కూర్చో. ఇన్నేళ్ళు ఎదురుచూశావు."

"నువ్వు గమ్మునుండమ్మాయ్. నాకు భయంగా ఉంది. ఆడ ఒక్కదాన్నీ కూసోలేను."

ఆ మాట మీద నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. ధైర్యంతో వచ్చిందా, భయంతో వచ్చిందా అని. ఆవిడ చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. నాకంటే ఎక్కువ వణుకుతోంది. ఆ వణుకు ఆపడానికి నేను ఆవిడ అరచేతులు రెండూ నా చేతుల్లో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టాను. రుద్దుతూ ఉంటే నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఇద్దరం ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాం.

జడ్జిగారు వచ్చారు. అందరూ లేచారు. మేం లేవాలో వద్దో తెలియక సగం లేచి కూర్చున్నాం. తర్వాత ఒక్కొక్క దేశం పేరూ చదివారు. ఆ దేశం వాళ్ళు లేచి నిలబడుతుంటే పైనుంచి వాళ్ళవాళ్ళు కేకలు వేస్తున్నారు, ఈలలు వేస్తున్నారు. ఇండియా అనగానే హాల్లో సగం లేచిందా అన్నట్టు లేచారు. అక్క కుర్చీ అంచుదాకా వచ్చి ఆగిపోయింది. పైనుంచి ఎవరూ మా కోసం అరవలేదు. తర్వాత అందరూ కుడిచెయ్యి ఎత్తారు. వందల గొంతులు ఒకేసారి ఆ ప్రమాణం చెప్తుంటే నేల కూడా సన్నగా అదిరినట్టనిపించింది. నేను పక్కకి తిరిగి చూశాను. అక్క పెదవులు రెండూ లోపలికి మడిచి, పళ్ళతో గట్టిగా బిగించి పట్టుకుంది. ఎందుకలా చేశావని తర్వాత అడిగితే చెప్పింది. అంతా కంఠతా వచ్చు కదా, పొరపాట్న నోట్లోంచి వచ్చేస్తే తన ప్రమాణం అయిపోయినట్టే లెక్కనీ, నేనొక్కదాన్నీ మిగిలిపోతాననీ భయపడిందట.

అంతా అయ్యాక ఆఫీసరు మా ఇద్దరి కార్డులూ తెచ్చి ఇచ్చాడు. అక్కకి త్వరలోనే ఇంకో తేదీ పంపిస్తామన్నాడు. నాకు ఏమీ చెప్పలేదు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో బావగారు పట్టలేకపోయారు. "దానికి నువ్వు పక్కన కూర్చుంటే ఒరిగేదేమిటి? నీది కూడా ఆగిపోతే?" అన్నారు. ఆయన కోపమూ భయమే. ఆవిడ కిటికీలోంచి మంచు చూస్తూ, "ఆగితే ఆగిద్ది" అంది. మా అమ్మాయి నా కోటు అంచు పట్టుకుని, "అమ్మా, వాళ్ళు నిన్ను మళ్ళీ పిలుస్తారా? మంచికే కదా, నాట్ ఇన్ అ బ్యాడ్ వే?" అని అడిగింది. పిలుస్తారన్నాను.

వసంతం రాకముందే అక్కని మళ్ళీ పిలిచారు. నేను లేకుండా వెళ్ళనంటే, దెబ్బలాడి పంపించాం. వెళ్ళి, చెప్పి, సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఎవరికీ స్వీట్లు పంచలేదు. నాది మాత్రం కదలలేదు. లాయరు ఎదురుచూడమన్నాడు. అతను చెప్పగలిగింది అదొక్కటే. ఆ రోజుల్లో నేను అక్కనైపోయాను. పోస్టు బండి చప్పుడు విన్నా, మావారు వచ్చేదాకా డబ్బా తెరిచేదాన్ని కాదు. పిన్ని కూతురి పెళ్ళికి ఇండియా వెళ్ళలేదు, వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని. ఆఫీసు క్యాంటీన్లో ఎలక్షన్ల మాట వస్తే ట్రే తీసుకుని లేచిపోయేదాన్ని. ఒకరోజు కారు నడుపుతూ ఏదో చెప్తూ చెప్తూ ఆపేశానట. "అమ్మా, నువ్వు పెద్దమ్మ థింగ్ చేస్తున్నావ్" అంది మా అమ్మాయి. అద్దంలో చూస్తే వెనక పోలీసు కారు. నాకు నవ్వు రాలేదు.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం, జాకెట్టు వదులు చేయించుకుందామని వెళ్ళినప్పుడు, నోట్లో సూదులు తీసి పక్కన పెట్టి అక్క ఒక సంగతి చెప్పింది. అంతకుముందు బావగారికి కూడా పూర్తిగా చెప్పలేదట. ఈ దేశంలో మొదటిసారి విమానం దిగినప్పుడు, పాస్‌పోర్టులో ఇంటిపేరూ పేరూ తారుమారయ్యాయని ఆవిడని వేరే గదిలోకి తీసుకెళ్ళారు. ఒళ్ళో చంటిపిల్లాడు. భాష రాదు. బావగారు బయట ఎక్కడో ఎదురుచూస్తున్నారు. పిల్లాడి పాలసీసా ఉన్న సంచి కూడా లోపలికి రానివ్వలేదు. "ఎంతసేపుంచారో నాకు తెలవదమ్మాయ్. నా పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉండేది. దాన్ని చూస్తా కూసున్నా. అందులో ఎవురన్నా కూసుంటే బాగుండనుకున్నా. ఆ పోలీసాయన కూసున్నా సరే అనుకున్నా." ఇంతే చెప్పి, చెయ్యి ఎత్తమని నా చంక దగ్గర కొలత తీసుకుంది.

చివరికి నన్ను మళ్ళీ ఇంటర్వ్యూకి పిలిచారు. అడిగిన ప్రశ్నలే అడిగారు. ఎందుకు ఆపారో అప్పుడూ చెప్పలేదు, ఇప్పటికీ నాకు తెలియదు. కొన్ని వారాలకి ఒక చిన్న గదిలో, పదిమందిలోపు జనంతో, కిటికీ బయట చినుకులు పడుతుండగా నేను చెయ్యెత్తి ప్రమాణం చేశాను. సంతోషం రాలేదు. చాలాసేపు నీళ్ళ కింద ఉండి పైకి వచ్చినవాడు గాలి పీల్చుకుంటాడే, అలాంటిది వచ్చింది. అక్క వెనక వరసలో కూర్చుంది. బయటికొచ్చాక వరండాలో నా రెండు చేతులూ పట్టుకుని చూసి, "చల్లగా లేవులే" అంది.

తర్వాత వాళ్ళబ్బాయి ఉద్యోగం డాలస్‌కి మారడంతో, చలి పడని అక్కా బావగారూ కాపెల్‌కి వెళ్ళిపోయారు. అక్కడ కూడా ఇంటి ముందు కార్లు ఆగుతున్నాయట. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళింది, వచ్చింది, ఉద్యోగంలో చేరింది. మావారికి జుట్టు నెరిసింది. నేను నీలం పాస్‌పోర్టుతో ఎన్నోసార్లు ఇండియా వెళ్ళి వచ్చాను. ఏ ఆఫీసరూ నన్ను పక్కకి పిలవలేదు. ఈ ఏళ్ళన్నీ ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్ళాయో చెప్పమంటే చెప్పలేను, అంత త్వరగా జారిపోయాయి. ఆ హాల్లో గోడ పక్కన ఇద్దరం చేతులు పట్టుకుని కూర్చున్న ఆ కాస్త పొద్దు మాత్రం, నాకింకా పూర్తిగా గడిచినట్టు లేదు.